ఇరవై ఆరో కాగితం

కట్ట విప్పిన కాగితాలను బాబాయి రెండు చేతుల్లోకి తీసుకుని, విసనకర్రలా విప్పి, మళ్లీ మూసి, నాలుగు అంచులనూ ఒకదాని తర్వాత ఒకటి బల్లకేసి తట్టాడు. ఇలా గాలి పట్టించకపోతే కాగితాలు ఒకదాన్నొకటి వదలవు. రెండేసి మూడేసి కలిసి మిషను గొంతులోకి దూరి అక్కడ ఇరుక్కుంటాయి. పై అంతస్తుల వాళ్లకు ఇంత ఓపిక ఎక్కడిది? ఆయన లేని సమయం చూసి కట్టను ఉన్నపళంగా ట్రేలో పడేస్తారు. మిషను ఆగిపోగానే దాని నెత్తిన రెండు దెబ్బలు వేసి, "బాబాయ్, మీ మిషనుకి మళ్లీ అజీర్తి చేసింది" అని కేక పెడతారు.

ఆ గది సెల్లార్‌లో ఉంది. పైన ఐదు అంతస్తుల ఆఫీసు. గదికి ఉన్న ఒక్క కిటికీ వీధి మట్టానికి ఉండటంతో అందులోంచి నడిచేవాళ్ల కాళ్లు మోకాళ్ల దాకా మాత్రమే కనిపిస్తాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చూసి చూసి బాబాయి ఆ కాళ్లను బట్టే మనుషుల్ని పోల్చుకుంటాడు. ఎవరికి కొత్త చెప్పులు వచ్చాయో, ఎవరు ఈమధ్య కుంటుతున్నారో, ఎవరు ఆలస్యమై పరిగెడుతున్నారో ఆయనకు తెలుసు. ఆయన్ని మాత్రం పైవాళ్లు ఇంటర్‌కమ్‌లో గొంతును బట్టి గుర్తుపడతారు. జిరాక్స్ బాబాయి అని పేరు పెట్టింది ఎవరో, ఎప్పుడో. ఇప్పుడు జీతాల సెక్షన్లో తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

మనిషి సన్నం. వంగి వంగి మిషను లోపలికి చూడటం వల్ల వీపు పైభాగం కొంచెం ముందుకు వాలిపోయింది. మణికట్ల దగ్గర చర్మపు మడతల్లో నల్లపొడి ఇంకిపోయి, ఎంత తోమినా వదలదు. కాగితాలు తిప్పి తిప్పి వేళ్లు ఎంతగా అరిగిపోయాయంటే, గేటు దగ్గర హాజరు మిషను మీద వేలు పెడితే అది 'మళ్లీ ప్రయత్నించండి' అంటుంది. రోజూ మూడుసార్లు ప్రయత్నిస్తాడు, రోజూ మూడుసార్లు అదే మాట. అప్పుడు వాచ్‌మన్ పుస్తకం తీసి చేత్తో రాసుకుంటాడు. ఇవాళ పొద్దున కూడా అంతే జరిగింది. వాచ్‌మన్ ఆయన వేలి వంక చూశాడు, పుస్తకం వంక చూశాడు, ముఖం వంక చూడలేదు.

చూస్తే మీసం కనబడేది.

సరిగ్గా ఇవాళ్టికి నెల. ఎడమవైపు ఒత్తుగా, కుడివైపు కాస్త పల్చగా, ముప్పాతిక తెల్లగా, పాతిక నల్లగా ఆ మీసం పెరిగింది. యాభై ఏడేళ్ల వయసులో, జన్మలో మొదటిసారి పెంచిన మీసం. దాన్ని వేలితో తడుముకోవడం ఆయనకు ఈ నెల్లో కొత్తగా అబ్బిన అలవాటు. మిషను వేడెక్కేదాకా అలా తడుముకుంటూ కూర్చున్నాడు.

ఇదంతా వెల్ఫేర్ అమ్మాయి వల్ల మొదలైంది. ఉద్యోగుల బాగోగులు చూడటానికని నిరుడు రెండో అంతస్తులో చేరింది. చురుకైన పిల్ల, నడిస్తే మెట్లు చప్పుడవుతాయి. ఆ అమ్మాయి ఈ నెలకు 'మీసాల నెల' అని పేరు పెట్టింది. మగవాళ్లు నెల రోజులు మీసం పెంచాలి, తోటివాళ్లు వాళ్ల పేరు మీద విరాళం వెయ్యాలి. ఆ డబ్బుతో వైద్యం దొరకని మగవాళ్లకు పరీక్షలు చేయిస్తారు. చెప్పుకోవడానికి సిగ్గుపడి, చివరిదాకా దాచుకుని ప్రాణాల మీదకు తెచ్చుకునే జబ్బులకు అన్నమాట. ఒకటో తారీఖున ఆ కరపత్రం ఆరు వందల కాపీలు కావాలని ఆమే స్వయంగా కిందికి వచ్చి ఇచ్చింది.

కాపీ తీసేవాడు కాగితం చదవకూడదన్నది బాబాయి పద్ధతి. అక్షరాలు తెగాయా, అంచు వంకరపోయిందా అని మాత్రమే చూస్తాడు. కానీ ఒకే కాగితం ఆరు వందల సార్లు కళ్ల ముందునుంచి పోతుంటే చదవకుండా ఉండటం ఎవరి తరం? యాభయ్యో కాపీ దగ్గర మొదటి లైను అర్థమైంది. నూరో కాపీ దగ్గర లక్షణాల జాబితా అర్థమైంది. రాత్రిళ్లు పదే పదే లేవాల్సి రావడం. ధార ఆగి ఆగి రావడం. నడుము కింద నొప్పి. జాబితాలో ఐదు ఉన్నాయి, ఆయనకు మూడు ఉన్నాయి. కిందటి వారం నుంచి నాలుగు. ఆ నాలుగోది ఎర్రగా కనిపించిన రోజు బాత్రూములో గోడ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు.

కరపత్రం అడుగున పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: "ఈ నెల మీసం పెంచిన మనిషి ఎదురైతే 'ఒంట్లో ఎలా ఉంది?' అని అడగండి. అతను చెప్పేదాకా ఆగండి."

ఆ రెండు వాక్యాలు ఆయన్ని పట్టుకున్నాయి. తనంతట తాను నోరు తెరిచి ఎవరితోనైనా ఈ మాట చెప్పడం కల్ల. కానీ ఎవరైనా అడిగితే? అడిగి, ఆగితే? అడిగినవాళ్లకు ఏం చెప్పాలో కూడా ఆయన సిద్ధం చేసుకున్నాడు. "ఏం లేదండీ, కొంచెం నీళ్ల దగ్గర ఇబ్బందిగా ఉంటోంది." మిషను రొదలో, ఎవరూ వినరన్న ధైర్యంతో, ఆ వాక్యాన్ని పైకే అని చూసుకునేవాడు. బాగానే ఉంది అనిపించేది. మర్యాదగా ఉంది, అర్థమవుతుంది.

పేరు మాత్రం ఇవ్వలేదు. పేర్లు రాసుకునే కాగితాలు సెక్షనుకు ఒకటి చొప్పున పంపారు. పదిహేను సెక్షన్లకు పదిహేను కాపీలు తీసింది ఆయనే. జిరాక్స్ గది ఏ సెక్షను కిందికీ రాదు. తనకని ఇంకో కాపీ తీసుకుంటే పదహారవుతుంది, ఆర్డరు చీటీలో పదిహేనే ఉంది. అందుకని విరాళం డబ్బాలో ఒక నోటు వేసేసి, మర్నాటి నుంచి పైపెదవి మీద బ్లేడు ఆనించడం మానేశాడు.

మిగతావాళ్లకు వారం వారం హాల్లో నిలబెట్టి ఫోటోలు తీసేవారు. బాబాయికి ఫోటో లేకపోతేనేం, మిషను ఉంది. రోజూ సాయంత్రం దాన్ని ఆపే ముందు, అంచు నలిగి పక్కన పడేసిన కాగితం ఒకటి ట్రేలో పెట్టి, మూత ఎత్తి, కళ్లజోడు తీసి, కళ్లు గట్టిగా మూసుకుని, గోరువెచ్చని అద్దం మీద ముఖం ఆనించి మీట నొక్కేవాడు. ఎవరైనా చూస్తే పరువు పోయేదే. వచ్చిన కాపీ అడుగున తారీఖు వేసి, ఎర్ర పెన్సిలుతో మూల నుంచి మూలకు గీత గీసి, సొరుగులో పెట్టేవాడు. ఆదివారాలు పోను ఇప్పటికి ఇరవై ఐదు కాగితాలు అయ్యాయి.

ఆ ఎర్ర గీత సంగతి చెప్పుకోవాలి.

పద్నాలుగేళ్ల కిందట, పని నుంచి తీసేయబోయేవాళ్ల జాబితా ఒకటి కాపీకి వచ్చింది. మొదటి కాపీ ఎప్పుడూ మసకగా వస్తుంది కాబట్టి దాన్ని పక్కన పడేశాడు. తర్వాత పైవాళ్లు జాబితా మార్చారు. మసక కాపీ మాత్రం ఎలా వెళ్లిందో మెట్ల మీదకు వెళ్లింది. తన పేరు చూసుకున్న ఒక గుమాస్తా అక్కడే కూలబడి ఏడ్చాడు. నిజానికి మారిన జాబితాలో అతని పేరే లేదు. ఆఫీసంతా గోలగోలైంది, బాబాయికి వారం జీతం కోసేశారు. జీతం పోయినందుకు కాదు గానీ, ఆ గుమాస్తా ఏడుపు ఆయన చెవుల్లోంచి పోలేదు. అప్పటినుంచి ప్రతి పనిలోనూ మొదటి కాపీ బయటికి రాగానే చెయ్యి దానంతటదే ఎర్ర పెన్సిలు మీదకు పోతుంది. ఎర్ర గీత పడ్డ కాగితాన్ని ఎవరూ చదవకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ఎక్కడ కనబడినా జిరాక్స్ గదికి పంపెయ్యాలి. అక్కడ మూలనున్న తురుముడు మిషను దాన్ని సన్నని పీలికలు చేసేస్తుంది. ఈ రూలును ఆయన అంతస్తు అంతస్తుకూ తిరిగి అందరికీ నూరిపోశాడు. కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లు చెబుతారు. ఐదు అంతస్తుల్లో బాబాయి మాట చెల్లేది ఆ ఒక్క విషయంలోనే. ఆ మాత్రం గర్వం ఆయనకు లేకపోలేదు.

మిషను మీద పచ్చ దీపం వెలిగింది. ఇవాళ్టి మొదటి ఆర్డరు చీటీ వెల్ఫేర్ అమ్మాయిదే. మీసాల నెల ఆఖరి రోజు కాబట్టి మధ్యాహ్నం డాక్టరు వస్తున్నాడు. రెండో అంతస్తులో ఉచిత పరీక్ష. దానికి ఫారాలు నూట ఇరవై.

మొదటి కాపీ మసకగా వచ్చింది. చెయ్యి ఎర్ర గీత గీసేసింది. ఆ తర్వాత నూట ఇరవై చక్కగా వచ్చాయి. ఆయన వాటిని పదేసి చొప్పున అడ్డంగా నిలువుగా పేర్చి, తాడు కట్టి, పైకి పంపాడు.

టేబుల్ మీద ఎర్ర గీత ఫారం మిగిలింది.

పొద్దున ఇంట్లో అక్క అన్న మాటలు గుర్తొచ్చాయి. ఆయన, అక్క, రెండు గదుల ఇల్లు, అంతే వాళ్ల సంసారం. పెళ్లీడులో ఉండగా నాన్న మంచాన పడ్డాడు. నాన్న పోయాక బావ పోయాడు, అక్క పెట్టె సర్దుకుని తమ్ముడి దగ్గరకు వచ్చేసింది. అలా అలా పెళ్లి మాట వెనకబడి, వెనకబడి, చివరికి ఎవరికీ కనబడకుండా పోయింది.

"ఏరా, ఆ మీసం ఇంకా ఎన్నాళ్లు?" అంది అక్క, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"ఇవాళే ఆఖరక్కా."

"హమ్మయ్య. అచ్చం నాన్నలా ఉన్నావురా. పొద్దున్నే ఎదురొస్తుంటే గుండె ఝల్లుమంటోంది." డబ్బా సంచిలో పెట్టింది. "రాత్రి మళ్లీ ఐదుసార్లు లేచావు. సాయంత్రం ఆరు దాటాక నీళ్లు తాగొద్దంటే వినవు కదా."

"అలాగేలే."

నాన్న కూడా అలాగే లేచేవాడు. చివరి ఏడాది ఆయన మంచం కింద ఒక ప్లాస్టిక్ మగ్గు ఉండేది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ జబ్బుకు పేరుందా, డాక్టరు ఏమన్నాడు, ఏదీ పిల్లల దాకా రాలేదు. 'నాన్న జబ్బు' అనేవాళ్లు, అంతే.

మధ్యాహ్నం భోజనాల వేళ బాబాయి తలుపు దగ్గరగా వేసి, ఆ ఎర్ర గీత ఫారాన్ని ముందుకు లాక్కున్నాడు. ఇంకో మంచి కాపీ తీసుకోవడానికి మీట నొక్కితే చాలు. కానీ ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన తనకోసం ఒక్క మంచి కాగితం వాడుకున్న పాపాన పోలేదు. ఇంటికి కావాల్సిన సరుకులు రాసుకున్నా చెత్త కాగితం వెనకే. ఈ మసక కాగితం ఎలాగూ పోయేదే, అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి, ఇదే చాలనుకున్నాడు. అందరికీ నూరిపోసిన రూలు తన కాగితం దగ్గరికొచ్చేసరికి ఆయనకే గుర్తు రాలేదు. ఎర్ర గీత మీదుగా, గీత అడ్డొచ్చిన చోట కలం కొంచెం ఎత్తి పెడుతూ, గుండ్రని అక్షరాలతో నింపాడు. పేరు దగ్గర పేరు రాశాడు. లక్షణాల దగ్గర నాలుగు గడుల్లో టిక్కు పెట్టాడు. 'మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉండేదా?' అన్న దగ్గర చాలాసేపు ఆలోచించి, 'మా నాన్నకు ఉండేదనుకుంటాను' అని రాశాడు.

రాశాక ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టనిపించింది. ఇంత తేలిక పనికి నెల రోజులు ఎదురుచూశానా అనుకున్నాడు. లిఫ్టు వదిలేసి మెట్లెక్కి వెళ్లాడు. రెండో అంతస్తులో ఫారాలు వేసే అట్టపెట్టె ఉంది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, అందులో జారవిడిచి, ఎంత చప్పుడు లేకుండా వెళ్లాడో అంత చప్పుడు లేకుండా దిగి వచ్చాడు.

రెండింటి నుంచి ఇంటర్‌కమ్ పక్కనే కూర్చున్నాడు. పైన డాక్టరు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడని, కాపీలకు వచ్చిన ప్యూను చెప్పాడు. బాబాయి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. డాక్టరు ముందు చేతులు నల్లగా ఉంటే బాగుండదు. నీలం కోటు విప్పి లోపలి చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. ఫోను రెండుసార్లు మోగింది. ఒకటి ఐదో అంతస్తు, బిల్లుల కాపీలు. ఇంకొకటి రాంగ్ నంబరు.

మూడు దాటాక మెట్లు టకటక చప్పుడయ్యాయి. వెల్ఫేర్ అమ్మాయి చేతినిండా కాగితాలతో లోపలికి వచ్చింది. బాబాయి లేచి నిలబడ్డాడు.

"బాబాయ్, ఇవి డాక్టరు చూసేసినవి, ఒక్కో కాపీ తీసిపెట్టండి," అంటూ కట్ట బల్ల మీద పెట్టింది. దానిమీద నుంచి ఒక కాగితం విడిగా తీసి, బోర్లించి, తురుముడు మిషను పక్కనున్న ట్రేలో ఉంచింది. "మీ ఎర్ర గీత కాగితం ఒకటి ఎలాగో ఫారాల్లో కలిసిపోయింది. నేను చదవలేదు లెండి, గీత చూడగానే తీసేశా. మీ రూలు నాకు చేరిన రోజే చెప్పారు." ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో, పాఠం సరిగ్గా అప్పజెప్పిన పిల్లలో ఉండే సంతోషం ఉంది.

బోర్లా పడ్డ కాగితం మీద ఎర్ర గీత వెనక వైపుకు కూడా లీలగా కనబడుతోంది.

"డాక్టర్ గారు ఇంకో గంటే ఉంటారు. మీ సెక్షన్లో ఎవరైనా ఉంటే పంపించండి బాబాయ్."

"మా సెక్షన్లో ఎవరున్నారమ్మా," అన్నాడు ఆయన. నవ్వినట్టే అన్నాడు.

"అవున్నిజమే," అని ఆమె కూడా నవ్వింది. వెళ్లబోతూ ఆగింది. ఆయన ముఖంలోకి చూసింది, నెల రోజుల్లో ఆఫీసులో మొదటిసారి ఒక మనిషి ఆయన పైపెదవి వంక చూసింది. సిద్ధం చేసుకున్న వాక్యం నాలుక చివరికి వచ్చి నిలబడింది.

"మీకు మొదట్నుంచీ మీసం ఉంది కదా బాబాయ్?"

కాదమ్మా అంటే చాలు. ఆ ఒక్క మాట అంటే ఆమె 'అయితే మీరూ పెంచారా' అని అడుగుతుంది. కరపత్రం రాసింది ఆమే, ఏం అడగాలో ఆమెకు తెలుసు. కానీ అంత నమ్మకంగా అడిగిన పిల్లను పట్టుకుని నువ్వు పొరపడ్డావని ఎలా అంటాడు? నెల రోజులుగా నన్ను చూడలేదని ఎత్తిపొడిచినట్టు కాదూ? ఎదుటివాళ్లను చిన్నబుచ్చడం ఆయన జన్మలో నేర్చుకోని విద్య.

"ఆఁ, ఉందమ్మా," అన్నాడు.

"అదే అనుకున్నా. మీకు భలే నప్పింది," అని ఆమె టకటకా మెట్లెక్కి వెళ్లిపోయింది.

బాబాయి ముందు ఫారాల కాపీలు తీశాడు. కట్ట కట్టాడు. తర్వాత ట్రేలోని కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ పైకి వెళ్లొచ్చు. ఇది చెత్త కాదమ్మా, నాదే అనొచ్చు. అనడానికి ఏముంది? కానీ పద్నాలుగేళ్లుగా ఎర్ర గీతకు మినహాయింపు లేదని చెప్పినవాడు తనే. ఇవాళ తనకోసం ఒక్కసారి కాదనడమంటే, ఆ మెట్ల మీద కూలబడి ఏడ్చిన గుమాస్తా ముందుకు వెళ్లి నిలబడ్డట్టే అనిపించింది. ఇలా తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి అది కాదని, తనకు భయం వేసిందని కూడా ఆయనకు తెలుసు. కాగితాన్ని తురుముడు మిషను నోటికి అందించాడు. అది పట్టి లాక్కుంది. నాన్న గురించి రాసిన లైను అన్నిటికన్నా చివర లోపలికి పోయింది.

నాలుగింటికి కింద హాల్లో క్షవరాలు మొదలయ్యాయి. వెల్ఫేర్ అమ్మాయి బయటినుంచి మంగలిని పిలిపించింది. తెల్ల గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చున్న క్యాషియర్‌కు పెద్ద మీసం బహుమతి వచ్చింది. "ఇది తీసేస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు, సాక్షులుగా మీలో ఒకరు నాతో రండి," అని అతనంటే హాలు హాలంతా గొల్లుమంది. బాబాయి మెట్ల దగ్గర స్తంభానికి ఆనుకుని చూశాడు. ఒక్కొక్కరే నున్నగా, కుర్రవాళ్లలా మారి లేస్తున్నారు. డాక్టరు సంచి భుజాన వేసుకుని జనం మధ్యనుంచి దారి చేసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. బాబాయి పక్కనుంచే వెళ్లాడు.

అందరూ అయ్యాక మంగలి కత్తి తుడుస్తూ, "మీరు కూడా రండి సార్, మీసం ఉందిగా," అని పిలిచాడు.

పేర్ల జాబితా పట్టుకున్న గుమాస్తా వేలితో పైనుంచి కిందకు వెతికాడు. "బాబాయి ఇందులో లేడు. అది సొంత మీసం," అన్నాడు. మళ్లీ నవ్వులు. బాబాయి కూడా నవ్వాడు.

ఐదున్నరకు గదికి తిరిగి వచ్చి, మిషను ఆపే ముందు మూత ఎత్తాడు. కళ్లజోడు తీశాడు. అద్దం ఇంకా వెచ్చగా ఉంది. ముఖం ఆనించి మీట నొక్కాడు. మూసిన రెప్పల మీదుగా వెలుతురు ఎడమనుంచి కుడికి పాకి వెళ్లింది. ఒక్క క్షణం, ఎవరో నుదుటి మీద చెయ్యి వేసి చూసినట్టు ఉంది. లేవబుద్ధి కాలేదు. లేచి కాగితం తీసుకుని అడుగున తారీఖు వేశాడు. దాని పక్కన, ఎన్నడూ లేనిది, 'మీసం, 26వ రోజు. ఆఖరు.' అని రాశాడు. చెయ్యి అలవాటుగా ఎర్ర పెన్సిలు అందుకుంది. కాగితం మూల మీద మొన ఆనించాడు. కాసేపు అలాగే ఉండి, పెన్సిలు పక్కన పెట్టేశాడు. కాగితాలన్నీ బోర్లించి, ఇరవై ఐదింటి అడుగున దీన్ని ఉంచి, అన్నిటికీ కలిపి తాడు కట్టి సొరుగులో పెట్టాడు.

ఇంటికి వెళ్లేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురు పోకముందే చొక్కా గుండీ ఒకటి కుడుతోంది. ఆయన చెప్పులు విప్పి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా."

"ఊఁ."

"నాన్న జబ్బు పేరేంటి?"

సూది ఆగింది. అక్క తలెత్తి ఆయన మీసం వంక చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

"ఇప్పుడెందుకురా అవన్నీ," అంది. దారం పంటితో తెంపింది. "రేపు పొద్దున్నే ఆ మీసం తీసెయ్యి."

"తీసేస్తాలే," అన్నాడు. మర్నాడు తీసేశాడు. ఆఫీసులో ఆ సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు పనికి వచ్చాడు. ఐదో నెలలో వారం సెలవు చీటీ పంపాడు, దాని వెనకే ఇంకో వారం. మూడో చీటీ అక్క చేతి రాతతో వచ్చింది. ఆ మరుసటి సోమవారం నోటీసు బోర్డుల మీద సంతాప ప్రకటన పెట్టారు. అంతస్తుకు ఒకటి చొప్పున ఐదు కాపీలు. గాలి పట్టించని కాగితాల మీద ఎవరో తీసినట్టున్నారు, ఐదూ వంకరగా వచ్చాయి.

నెలాఖరుకు అక్క వచ్చింది, ఆయన వస్తువులు తీసుకెళ్లడానికి. వెల్ఫేర్ అమ్మాయే తోడు వచ్చి గది తాళం తీసింది. ఆవిడ టిఫిన్ డబ్బా, పాత కళ్లజోడు, నీలం కోటు సంచిలో పెట్టుకుంది. సొరుగులో తాడు కట్టిన కాగితాల కట్ట కనబడింది. బోర్లా ఉన్న పైదాని వెనకనుంచి ఎర్ర గీత కనబడుతోంది.

"ఆఫీసు కాగితాలు మాకెందుకమ్మా, ఉంచుకోండి," అంది ఆవిడ. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "రాత్రిళ్లు లేస్తుంటే నీళ్లు తగ్గించమన్నానమ్మా నేను. అదొక్కటే చెప్పాను వాడికి."

అమ్మాయి ఆవిడ సంచి తను పట్టుకుని గేటు దాకా వెళ్లింది.

ఆ తర్వాత అంతస్తుకో చిన్న మిషను వచ్చింది. జిరాక్స్ గదిని పాత సామాను గది చేశారు. మళ్లీ మీసాల నెల దగ్గరపడ్డప్పుడు, నిరుటి కరపత్రం అసలు ప్రతి ఎక్కడుందో వెతుక్కుంటూ అమ్మాయి ఆ గదికి వచ్చింది. కిటికీలోంచి ఎవరెవరివో కాళ్లు పోతున్నాయి. సొరుగు లాగితే కరపత్రం లేదు, ఆ కట్ట ఉంది. పైదాని వెనక ఎర్ర గీత. కింద రెండు మూడింటి అంచులు ఎత్తి చూస్తే వాటి మీద కూడా గీతలే.

మనిషి లేకపోయినా మాట నిలబెట్టాలనుకుంది. చదవకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. తాడు విప్పి, తురుముడు మిషను ప్లగ్గు పెట్టి, బోర్లా ఉన్న కాగితాలను తిప్పి చూడకుండా, పైనుంచి ఐదేసి చొప్పున అందించింది. ఐదు. మళ్లీ ఐదు. మిషను గరగరమంటూ నములుతూ పోయింది. ఇరవై ఐదు అయ్యాక చేతిలో ఒకటి మిగిలింది. దాని వెనక వైపు ఎర్రదనం ఏమీ లేదు. పొరపాటున మంచి కాగితం కలిసిందేమోనని ఇవతలికి తిప్పింది.

తిప్పి, అడుగున ఉన్న తారీఖు చదివింది. దాని పక్కనున్న నాలుగు మాటలు చదివింది. మళ్లీ చదివింది. అప్పుడు తురుముడు మిషను కింది డబ్బా మూత తీసి పీలికల్లోకి చెయ్యి పెట్టింది. కొన్నిటి మీద కనురెప్ప ముక్క, కొన్నిటి మీద చెవి అంచు ఉన్నట్టున్నాయి. నూలుపోగంత సన్నగా ఉన్న వాటిలో ఏది ఏ రోజుదో ఇక ఎవరూ చెప్పలేరు. "మొదట్నుంచీ ఉంది కదా అని అడిగాను," అంది పైకే, ఖాళీ గదిలో. ఏడుపు ఆగక మెట్ల మీద కూర్చుండిపోయింది.

పాత మిషను మూత మీద ఆ కాగితం అలాగే ఉంది: అద్దానికి ఆనుకుని చదునైన ముక్కు, గట్టిగా మూసుకున్న కళ్లు, ఎడమవైపు ఒత్తుగా కుడివైపు పల్చగా ఉన్న మీసం, మూల నుంచి మూల దాకా ఎక్కడా ఎర్ర గీత లేదు.